ఆ మనిషి మాకు తెల్దు సారూ

పాస్‌పోర్టు ఎంక్వైరీ అంటే మా పోలీసు శాఖలో చాలామందికి చులకన. దొంగను పట్టుకున్నవాడికి శభాష్ అంటారు. బందోబస్తులో రాళ్ల దెబ్బ తిన్నవాడికి కనీసం జాలి దక్కుతుంది. ఇంటింటికీ తిరిగి 'ఫలానా మనిషి ఇక్కడే ఉంటాడా, నడవడిక మంచిదేనా' అని అడిగి సంతకాలు తెచ్చేవాడిని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. నా సర్వీసులో చివరి ఏళ్లన్నీ నేను ఆ పని మీదే నంద్యాల, ఆళ్లగడ్డ, గడివేముల చుట్టూ బండి మీద తిరిగాను. రిటైరైన రోజు దండ వేస్తూ మా ఇన్‌స్పెక్టరు, "ఈయన తొక్కని గడప జిల్లాలో లేదు" అన్నాడు. పొగిడాడో వెక్కిరించాడో నేనింకా తేల్చుకోలేదు.

ఈమధ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు పలకరింపుగా ఇంటికొచ్చి, మర్చిపోలేని కేసేదైనా చెప్పమన్నారు. ఏ హత్య గురించో, బాంబుల గురించో చెబుతాననుకొని ముందుకు జరిగి కూర్చున్నారు. నేను ఒక ఎంక్వైరీ గురించి మొదలుపెట్టేసరికి ఒకడు దర్జాగా ఆవలించాడు. వాడికోసమే ఇది రాస్తున్నాననుకోండి. దేశం కాని దేశంలో మనవాడు చిక్కుకుంటే అక్కడి మన రాయబార కార్యాలయం వాళ్లు ఏం చేస్తారో, ఇక్కడ మనం ఏం చేస్తే వాళ్ల చేయి ఆడుతుందో ఈ పిల్లలకు ట్రైనింగులో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఒక పల్లెలో ఒక ఆడమనిషీ, సముద్రానికి అవతల ఇంకొక ఆడమనిషీ కలిసి నేర్పించారు.

నంద్యాల జిల్లా కేంద్రమై ఇంకా ఆఫీసులకు కుర్చీలు కుదురుకోని రోజులవి. గల్ఫ్ దేశమొకదానిలోని మన రాయబార కార్యాలయం నుంచి మా దగ్గరికి ఒక కాగితం వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి ఉయ్యాలవాడ వైపు పోయే దారిలో ఉన్న ఒక పల్లెటూరివాడు అక్కడ గొర్రెలు మేపడానికి పోయాడు. పనిలో పెట్టుకున్న ఆసామి చనిపోయాడు, ఆయన వారసులు మందను అమ్మేసుకున్నారు, వీడి పాస్‌పోర్టు ఏమైందో ఎవరికీ తెలియదు. వీడు ఎడారిలోంచి నడిచి రోడ్డెక్కి, జబ్బుపడి, చివరికి కాగితాల్లేని మనిషిగా అక్కడి నిర్బంధ కేంద్రంలో తేలాడు. పాస్‌పోర్టు నంబరు చెప్పు, కంప్యూటరులో వెతుకుతాం అంటే వీడికి నంబరు తెలియదు. పేరుతో వెతికితే దొరకలేదు. ఎందుకంటే పాస్‌పోర్టు తీయించిన ఏజెంటు ఇంటిపేరు ఒకటి రాసి, ఊరు ఇంకొకటి రాసి, తన పని తేలిక చేసుకున్నాడు. వీడు చదవకుండా వేలిముద్ర వేసి విమానమెక్కాడు.

అలాంటివాడికి మన కార్యాలయం వాళ్లు ఒక్కసారి ఇంటికి రావడానికి పనికొచ్చే అత్యవసర పత్రం ఇవ్వగలరు. చేతిలో చిల్లిగవ్వ లేకపోతే అక్కడుండే సంక్షేమ నిధి నుంచి టికెట్ కూడా కొనగలరు. కానీ ముందు వీడు భారతీయుడేనని, ఫలానా ఊరివాడేనని ఇక్కడి నుంచి మేం రాసి పంపాలి. ఆ మాట రానిదే అక్కడ ఎంత పెద్ద అధికారికైనా చేతులు కట్టేసినట్టే.

ఆ కాగితం రావడం అది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు ఆ పల్లె పరిధి స్టేషను వాళ్లు ఊరికి పోయి అడిగి, 'అటువంటి వ్యక్తి ఎవరూ లేరు' అని రాసి పంపేశారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఊరు ఊరంతా అదే చెప్పింది. అయినా కార్యాలయం వాళ్లు ఊరుకోలేదు. ఈసారి మనిషి ఫోటో జతచేసి, సందేహాలుంటే ఫోన్ చేయమని అక్కడి ఉద్యోగిని ఒకామె నంబరు కూడా పంపారు. మా ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, "ఒకసారి లేడని చెప్పినా మళ్లీ అడుగుతున్నారు. పోయి మళ్లీ లేడని రాసుకొని రా" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. బల్ల మీద కాగితాల గుట్ట ఎక్కువైతే ఏ మనిషైనా అలాగే మాట్లాడతాడు.

నేను బయల్దేరే ముందు ఆ నంబరుకు ఫోన్ చేశాను. అటు మాట్లాడినామె మన తెలుగామే, కోస్తా వైపు మనిషి. మెత్తగా మాట్లాడుతుంది, పట్టు మాత్రం వదలదు.

"లేరని మీవాళ్లు రాశారండీ, నేను చదివాను. కానీ నేను వారం వారం వెళ్లి ఆయన్ని చూసొస్తున్నాను. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేచోట కొన్నాళ్లు రాళ్లు మోశానన్నారు. ఊరి బయట కుందూ ఏరు పొంగితే ఏ దారి మునుగుతుందో, ఏ దారిన చుట్టి రావాలో చెప్పారు. ఇవన్నీ కల్పించి చెప్పడం ఎవరి వల్ల అవుతుందండీ?"

"మీరన్నది నిజమే. కానీ ఊళ్లో ఒప్పుకునేవాళ్లు కావాలి కదమ్మా."

"ఈ దేశం వాళ్లు కాగితాల్లేనివాళ్లను జరిమానా లేకుండా పంపించేందుకు గడువిచ్చారండీ. అది అయిపోవస్తోంది. దాటిందంటే కేసు పెడతారు. ఆ తర్వాత నేను వెళ్లి పలకరించగలను గానీ, పంపించలేను."

ఆ మాట ఆమె ఏడుపుగొంతుతో చెప్పలేదు, మామూలుగానే చెప్పింది. అందుకే నాకు ఎక్కువగా తగిలింది.

ఊరికి మఫ్టీలోనే పోయాను. ఏం లాభం, మా మీసం, మా క్షవరం, మా బూట్లు ముందే ఊళ్లోకి పోయి చాటింపు వేస్తాయి. నల్లరేగడి చేలు దాటి వీధిలోకి మలుపు తిరిగేసరికి అప్పటిదాకా వినబడుతున్న మాటలు ఆగిపోయాయి. ఒక అరుగు మీద పెద్దాయన ఒకాయన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఫోటో చూపించి పేరు చెప్పాను.

"తెల్దు సారూ" అన్నాడు, ఫోటో వైపు చూడకుండానే.

"చూసి చెప్పు పెద్దాయనా."

"సూసినా తెల్దు."

పక్కింట్లో తెల్దు. ఎదురింట్లో తెల్దు. అంగడి దగ్గర నిలబడ్డ కుర్రవాళ్లు నేను పేరు చెప్పడం పూర్తికాకముందే తెల్దన్నారు. కాగితంలో ఉన్న గుర్తుల ప్రకారం అతని ఇల్లు ఆ వీధి చివర. వాకిట్లో నలభై ఏళ్లామె చెనిక్కాయలు ఒలుస్తోంది. కాళ్లకు మెట్టెలున్నాయి, మెడలో తాళి ఉంది.

"మీ ఆయన యాడికి పోయినాడమ్మా?"

"నాకు మొగుడు లేడు సారూ."

"మరి మెడలో తాళి?"

"అది నా ఇష్టం."

నా సర్వీసులో చాలా జవాబులు విన్నాను గానీ, అంత తెగింపుతో చెప్పింది వినలేదు. ఫోటో ఇచ్చాను. చేతులు చీరకు తుడుచుకొని తీసుకుంది. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయిన మొహం అది. కాసేపు చూసి తిరిగిచ్చేసింది.

"ఈయప్పెవురో మాకు తెల్దు. జబ్బు మనిషి మాదిరుండాడు."

"దూరదేశంలో చిక్కుకొని ఉండాడు. ఈ ఊరోడేనని మీరు చెప్తే ఇంటికి పంపిస్తారు."

"పాపం" అని మళ్లీ చెనిక్కాయల్లో చేయి పెట్టింది. నేను లేచి వాకిలి దాటుతుంటే వెనక నుంచి అడిగింది. "ఎవురో గాని సారూ, ఆడ అన్నం పెడ్తాండారా, మైదా రొట్టెలేనా? కొంతమందికి అవి పడవు. కడుపునొప్పి వస్తాది."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆమె మొహంలో ఉన్నది నాకు తెలిసిపోతుందని ఆమెకు తెలుస్తుంది.

పిల్లలూ, మీకు ఆ 'తెల్దు' గురించి కాస్త చెప్పాలి. ఒకప్పుడు ఈ వైపు పల్లెల్లో ముఠా తగవులు ఎక్కువగా ఉన్న కాలంలో పోలీసు వచ్చి పేరు అడిగాడంటే ఆ పేరుగలవాడికి మూడినట్టే లెక్క. పేరు చెప్పినవాడికి పగవాళ్లతో మూడేది. సాక్షి సంతకం చేస్తే కోర్టు మెట్లు, పక్కవాడి మాటలు, ఒక్కోసారి అంతకంటే ఘోరం. 'మీవాడికి గల్ఫ్ వీసా వచ్చింది, సంతకానికి రమ్మను' అని నమ్మించి మనిషిని పట్టుకున్నామని మా పాతవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఆ తగవులు పోయాయి, ఆ కేసులూ పోయాయి. ఇతని మీద ఎప్పుడూ ఏ కేసూ లేదని నేను రికార్డు చూసే వచ్చాను. కానీ ఆ వీధి నేర్చుకున్న మాట మాత్రం పోలేదు. వాళ్లకు నేను చెప్పిన నిజం పాత ఎత్తుగడలాగే వినిపించింది. పరాయివాడికి మనవాణ్ని అప్పగించకూడదన్న పట్టుదలతో వాళ్లు మనవాణ్ని పరాయిదేశానికి వదిలేస్తున్నారు. నాకు కోపం రావాల్సింది. నిజం చెబుతున్నాను, గౌరవమే కలిగింది. ఆ మనిషి వెళ్లి ఏళ్లయినా అంత కట్టుగా ఒక్కరూ నోరు జారలేదు.

ఆఫీసుకు వచ్చాక ఇన్‌స్పెక్టరు, "లేడన్నారు గదా, రాసెయ్" అన్నాడు.

"ఉన్నాడు సార్. భార్య ఆయన తిండి గురించి అడిగింది."

"అది రిపోర్టులో ఎట్లా రాస్తావు?"

రాయలేను. అక్కడి ఉద్యోగినికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.  మైదా రొట్టెల మాట వినగానే ఆమె, "ఆయన కడుపునొప్పికి నేనే మందులు తీసుకెళ్తున్నానండీ" అంది. ఇక మా ఇద్దరికీ అనుమానం లేదు. కావాల్సింది నోటి మాట. మరుసటి వారం తాను కేంద్రానికి వెళ్లే రోజున ఫోన్ లోపలికి తీసుకెళ్లేందుకు అనుమతి అడుగుతానని, నన్ను అదే సమయానికి ఆ ఇంట్లో ఉండమని చెప్పింది. ఆ అనుమతి కోసం ఆమె ఎంతమంది చుట్టూ తిరిగిందో నాకు చెప్పలేదు. మా ఊళ్లో ఒక్క సంతకం కోసం తిరిగినవాణ్ని కాబట్టి నేను ఊహించుకోగలను. గడువు ముగియడానికి ముందు ఆమెకు దొరికిన చివరి రోజు అదే.

ఆ రోజు ఆ ఇల్లాలు నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే పోయి నేల మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"సార్, ఆయన నా పక్కనే ఉన్నారండీ" అని ఉద్యోగిని, తర్వాత అతనితో, "మీ ఇంటి నుంచే. పోలీసు సారు కూడా అక్కడే ఉన్నారు, మీకు సాయం చేయడానికి" అంది.

మంచి మనసుతో అన్న మాటే.  కానీ అటు నుంచి బొంగురు గొంతు బెదురుగా వచ్చింది.

"పోలీసోళ్లు ఆ ఇంటికాడికి ఏంటికొచ్చినారు మేడం?"

"మీ గురించి అడగడానికేనండీ."

"నాది ఆ ఊరు గాదు. నేను అబద్ధం చెప్పినా. నాకు ఎవురూ లేరు."

నా పక్కన ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. మెల్లగా అడిగాను. "అమ్మా, ఆ గొంతు ఎవరిది?"

కొంగు తీసింది. "తెల్దు సారూ."

మీరు ఎన్ని కేసులైనా చూడండి, ఇలాంటిది చూడరు. ఏళ్ల తర్వాత ఒకరి గొంతు ఒకరు విన్న భార్యాభర్తలు ఒకరినొకరు ఎరగమంటున్నారు. ఒకరినొకరు కాపాడుకుంటున్నారు, నా నుంచి. అటువైపు ఎవరో అరబ్బీలో విసుక్కోవడం వినబడింది. సమయం అయిపోతోందని కాబోలు. అతను ఆ మాట మీదే నిలబడితే అతని ఫైలు అక్కడితో మూసుకుపోతుంది.

అప్పుడు ఉద్యోగిని అంది. "సార్, ఏమీ అనుకోకండి. మీరు కాస్త బయటికి వెళ్తారా? నేను కూడా ఈ ఫోన్ ఆయన చేతికిచ్చి ఆ గోడ దగ్గరికి వెళ్లి నిలబడతాను."

"అక్కడివాళ్లు ఒప్పుకుంటారా?"

"అది నేను చూసుకుంటానండీ. మనకు వినబడక్కర్లేదు. వాళ్లకు వినబడితే చాలు."

సాక్షిని గదిలో వదిలేసి తాను బయటికి నడవడం పోలీసు చదువులో ఎక్కడా లేదు. ఆ చదువు ఆ ఉద్యోగినికి లేకపోవడం ఆ రోజు మా అందరి అదృష్టం. స్పీకర్ తీసేసి నా ఫోన్ ఆ ఇల్లాలి చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వీధిలోకి పోయాను. అరుగు మీద పెద్దాయన నన్ను చూశాడు.

"ఏంది సారూ, ఫోను గూడా ఆడనే ఇడిసిపెట్టి వచ్చినావు?"

"మొగుడూ పెండ్లాల మాటలు నాకేంటికి పెద్దాయనా."

 ఆయన అరుగు మీద కాస్త పక్కకు జరిగాడు. నేను కూర్చున్నాను. ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుంది, అంగడి దగ్గరి కుర్రాళ్లు ఇటే చూస్తున్నారు.  లోపల నుంచి సన్నగా ఏడుపు. ఆ వెనకే తిట్లు మొదలయ్యాయి.

"బతికుండావో సచ్చినావో ఒగ ఫోనన్నా చెయ్యగూడదా? నేను యాడని ఎతకల్ల నిన్ను? గొర్రెలు పోతే పోయె, నువ్వేంటికి మాట్లాడకుండా పోయినావు?"

ఆ తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పరాయి మగవాణ్ని ఎవరూ అంత బాగా తిట్టరు.

ఆమె బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, తల ఎత్తే ఉంది. ఫోన్ నా చేతికిచ్చింది. "రాసుకోప్పా. నా మొగుడే" అంది. అప్పటిదాకా నేను సారూని, ఇప్పుడు 'అప్పా' అని పిలిచే అయినవాణ్ని. ఇంటిపేరు, అతని నాయన పేరు, అమ్మ పేరు, పెళ్లి ఏ ఊళ్లో జరిగింది, అతని వీపు మీద ఎద్దు పొడిచిన మచ్చ, అన్నీ వీధిలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. నేను అరుగు మీద కాగితం పెట్టుకొని రాశాను. కింద సంతకం చేసింది. ఇక ఇద్దరు సాక్షులు కావాలి. ఆ మాట అడగడానికి నోరు రాలేదు. ఆ వీధిలో పోలీసు కాగితం మీద సంతకం అడగడమంటే ఏమిటో నాకు తెలుసు.

పెద్దాయన బీడీ పారేసి చేయి చాచాడు. "ఇట్లియ్యి పెన్ను."

నేను ఉండబట్టలేక అడిగాను. "మొన్న నీకు ఆయన తెల్దంటివే?"

"మొన్న మాకు నువ్వు తెల్దు" అన్నాడు, పెన్ను మూత తీస్తూ.

ఆయన వెనక ఎదురింటామె వచ్చింది. పక్కింటాయన వచ్చాడు. అంగడి దగ్గరి కుర్రాళ్లు వచ్చారు. ఇద్దరు చాలు అంటే వినరే. 'వాళ్లది రాసుకొని మాది వద్దంటావేంది' అని ఒకామె తగాదాకు దిగింది. కాగితం వెనక్కి తిప్పి రాయించుకున్నాను. ఆఫీసులో మా ఇన్‌స్పెక్టరు ఆ సంతకాలు చూసి, తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి, "ఆ ఊళ్లో సాక్షులా" అన్నాడు. ఆ గుట్టలో ఉన్న కాగితాలన్నీ పక్కకు జరిపి, తానే కూర్చొని రిపోర్టు పైకి పంపించి గానీ భోజనానికి లేవలేదు. ఆ రోజు నుంచి ఆయన మీద నా అభిప్రాయం మారింది.

అక్కడి ఉద్యోగిని మిగతా పని చేసింది. పత్రం ఇప్పించి, టికెట్ కొనిపించి, అతను కేంద్రం దాటి విమానం ఎక్కేదాకా వెంట ఉంది. ఎక్కాక నాకు ఫోన్ చేసింది.

"మీరు మా వైపు ఎప్పుడన్నా రండమ్మా" అన్నాను.

"వస్తే జొన్నరొట్టె తినాలండీ. వెళ్లినప్పుడల్లా ఆయన దాని గురించే చెప్పేవారు."

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. వయసెంతో, ఎలా ఉంటుందో తెలియదు. కానీ ఎవరైనా గల్ఫ్‌కు పోతున్నామని చెప్పడానికి వస్తే, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు రాసుకొని పోండి, పాస్‌పోర్టు నకలొకటి ఇంట్లో పెట్టి పోండి అని ఇప్పటికీ చెబుతుంటాను. అక్కడ మనకోసం గోడ పక్కన నిలబడే మనుషులున్నారు, వాళ్లకు దారి తెలియాలి కదా.

అతను హైదరాబాదులో దిగి బస్సులో వస్తున్నాడని తెలిసి, ఆ ఇల్లాలు ఫోన్ చేసింది. "నువ్వు గూడా రాప్పా నంద్యాల బస్టాండుకు" అని పిలిచింది. పొద్దున్నే పోయాను. ఆమె అప్పటికే వచ్చి ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉంది, చేతిలో గుడ్డలో కట్టిన రొట్టెలు. బస్సు వచ్చి ఆగింది. అందరూ దిగాక చివర అతను దిగాడు. గడ్డం తీసేశాడు, చొక్కా వదులుగా వేలాడుతోంది. ఆమెను చూసి మొహం వెలిగింది. అంతలో ఆమె పక్కన నన్ను, నా మీసాన్ని, నా బూట్లను చూశాడు. అడుగు ఆగిపోయింది. కళ్లు బస్సు తలుపు వైపు, గేటు వైపు పోయాయి.

ఆమె నా మణికట్టు పట్టుకొని నన్ను అతని ముందుకు లాక్కుపోయింది.

"భయపడాకు. ఈయప్ప నాకు తెల్సు" అంది. "మన మనిషే."